నా దగ్గర ఆగిపోయిన ఓటు

రూతమ్మక్క పోయిందన్న కబురు నాకు మొదట చెప్పింది షబానా. జిద్దాలో ఒకప్పుడు మేమున్న భవనంలోనే షబానా ఇంకా ఉంటోంది. ఫోనులో ఆమె గొంతు వెనక సాయంత్రపు అసర్ నమాజు అజాన్, పాత కిటికీ ఏసీ రొద కలిసి వినిపించాయి. కడపలో కూర్చున్న నాకు రూతమ్మక్క వంటగది కళ్ళముందుకొచ్చింది. చావు కబురు వింటే మేమనే "ఇన్నా లిల్లాహి" అనుకున్నాను. ఆమె క్రైస్తవురాలు. ఆ మాట వింటే "ఆమెన్" అనేది.

గుంటూరులో పుట్టి, అమెరికాలో చాలా ఏళ్ళు నర్సుగా పనిచేసి, అక్కడి పౌరసత్వం తీసుకున్న మనిషి. జిద్దాలో ఒక ఆస్పత్రిలో నర్సులకు శిక్షణ ఇవ్వడానికి వచ్చి మా ఎదురింట్లో దిగింది. నేను బడికి పోలేదు. మా నాన్న ఇంట్లోనే ఖురాను, తెలుగు, కూడబలుక్కుని చదివేంత ఇంగ్లీషు నేర్పాడు. మిగతా ఇంగ్లీషు రూతమ్మక్క చలవ. తప్పు చదివితే దిద్దేది కాదు, "మళ్ళీ చూడు" అనేది.

అమెరికా అంటే మా ఆయన ఖాదర్‌కు ఒకే ఒక్క మనిషి, అధ్యక్షుడు. "ఆయప్ప ఒక సంతకం పెడితే ఈడ పెట్రోలు రేటు మారుతాది, ఇంకోటి పెడితే యుద్ధమొస్తాది" అనేవాడు. నాకూ అంతే తెలుసు. అందుకే ఎన్నికల ఏడు రూతమ్మక్కకు అమెరికా నుంచి టపాలో వచ్చిన ఓటు కాగితం వింతగా తోచింది. పైన అధ్యక్షుడు; కింద రెండు పేజీల నిండా జడ్జీలు, బడి కమిటీ; ఆఖర్న వాళ్ళ ఊరి ఆస్పత్రి కోసం పన్ను కట్టాలా వద్దా అన్న ప్రశ్న.

"పైనున్నాయన సంగతి మీ ఖాదర్ చూసుకుంటాడులే," అని నవ్వింది. "నా కంగారంతా ఈ చివరిదే. ఇది ఓడిపోతే నేను పనిచేసిన ఆస్పత్రి మూసేస్తారు. పురుడొస్తే గంటన్నర కారులో పోవాలి."

"గెలుస్తాది లేక్కా. మీది ప్రజాస్వామ్యం కదా."

"దూరం నుంచి మీకలా మెరుస్తా కనపడుద్ది అమ్మాయ్. మా వీధిలో సగం మంది బద్ధకించి ఓటుకే పోరు."

వాళ్ళ రాష్ట్రంలో ఇలా పంపే ఓటుకు ఒక సాక్షి ఉండాలి. ఆ దేశస్థులే కానక్కర్లేదు. ఖాళీ కాగితం నాకు చూపించి, నాకు కనపడకుండా గుర్తులు పెట్టి, కవరు అంటించి, నా ఎదుట సంతకం చేసింది. ఇంతలో ఆస్పత్రి వ్యాను హారను కొట్టింది. "సాక్షి అన్నచోట పేరు రాసి సంతకం పెట్టు. రేపు కొరియర్‌కిస్తా" అని కవరు నా చేతిలో పెట్టి వెళ్ళింది.

కంపెనీల్లో ఇంతమంది సౌదీలు ఉండాల్సిందేనన్న నితాకత్ చట్టం వచ్చిన కాలం అది. వాళ్ళు చాలినంతమంది లేక మా ఆయన కంపెనీ సర్కారు ఎరుపు జాబితాలో పడింది. అలాంటి కంపెనీవాళ్ళ ఇఖామాలు, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులు, రెన్యూ కావు. ఇంట్లో ప్రతి కాగితాన్నీ భయంగా పట్టుకుంటున్న రోజులు.

"నువ్వు పెడితే చెల్లదు," అన్నాడాయన. "నువ్వు నా ఇఖామా కింద ఉండావు. ఆయమ్మ మనకెంత చేసింది, తప్పు పోకూడదు. నేను పెడతా."

నాకూ సబబే అనిపించింది. సౌదీలో పిల్లల బడి ఫారం నుంచి ఆస్పత్రి చీటీ దాకా నా తరఫున ఆయన సంతకమే. పెట్టించాను.

పొద్దున కవరు చూసి రూతమ్మక్క సాక్షి పేరు మీద వేలు పెట్టింది.

"నేను ఓటెయ్యడం ఖాదర్ చూశాడా?"

"లేదక్కా. ఇంటాయన కదా అని..."

"చూసింది నువ్వు. మీ ఆయన ఇఖామా కింద నీ కళ్ళు కూడా ఉన్నాయా అమ్మాయ్?"

"కొట్టేసి నా పేరు రాస్తా."

"దిద్దింది తీసుకోరు. ఇంకోటి తెప్పించే టైము లేదు."

"ఇట్లే పంపేద్దామక్కా. ఆడ ఎవరికి తెలుస్తాది?"

"మనిద్దరికీ తెలుసుగా."

కవరు సొరుగులో పెట్టేసి, టీ పెట్టింది. ఆ రోజు కూడా నా పాఠం మానలేదు.

ఆస్పత్రి మూతపడింది. ఆ పన్ను ప్రశ్న చాలా తేడాతోనే ఓడిందని, నా తప్పేం లేదని రూతమ్మక్క చెప్పింది. నిజమో, నా మనసు కోసం అన్నదో నేను అడగలేదు.

తర్వాత సౌదీ సర్కారు పనివాళ్ళ కుటుంబసభ్యుల మీద రుసుము పెట్టినప్పుడు, ఇఖామా రద్దు చేసుకుని పిల్లలతో ఫైనల్ ఎగ్జిట్ మీద కడపకు వచ్చేశాను. అల్లా దయవల్ల ఆయనకు అక్కడ పని నిలిచింది. ఇక్కడ పిల్లల బడి కాగితాల మీద, మా వీధి కాలువ గురించి మునిసిపాలిటీకి రాసే అర్జీల మీద నేనే పేరు రాసి సంతకం పెడుతున్నాను. కాలువ ఇంకా బాగుపడలేదు. మళ్ళీ రాస్తాను.

చదివేవారికి ఒక్క మనవి. ఈసారి ఓటు వేయడానికి వరసలో నిలబడినప్పుడు రూతమ్మక్కను ఒకసారి తలచుకోండి. ఆమె ఓటు ఒకటి నా దగ్గర ఆగిపోయింది.