పెన్న అడుగున నడిచే నేల

మాది కోడుమూరు పక్క మెట్ట పల్లె. నీళ్లను బిందెలతో లెక్కపెట్టే ఇంట్లో పుట్టి, ఏటిని కొలిచే ఉద్యోగంలో పడ్డాను. మా అమ్మ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. "ఉండే నీళ్లు కొలిచేదానికి దుడ్లిస్తారంట. లేని నీళ్లు తెచ్చేదానికి మాత్రం ఎవురూ లేరు."

ఆ ఏడు గండికోటకు దిగువన పెన్నలో పని పడింది. మా సీమలో వరదకు ఒక పాడు గుణం ఉంది. వాన ఎక్కడో పైన కన్నడ దేశంలో కురుస్తుంది, ఇక్కడ చినుకు ఉండదు. ఎండకు చేలు బీటలు వారి ఉంటాయి, ఏరు మాత్రం ఎర్రగా ఒడ్లు ఒరుసుకుంటూ వచ్చేసి ఉంటుంది. పెద్దగా చప్పుడు కూడా చేయదు. ఆ చప్పుడు లేకపోవడమే నాకు భయం.

మా పరికరాన్ని పడవ పక్కన నీళ్లలో ముంచి కడతాం. అది మనుషులకు వినిపించని శబ్దాన్ని అడుగుకు పంపుతుంది. నీళ్లలోని మట్టి రేణువులకు తగిలి తిరిగొచ్చిన శబ్దాన్ని బట్టి నీటి వేగం, నేలకు తగిలి తిరిగొచ్చిన దాన్ని బట్టి పడవ ఎంత జరిగిందీ చెబుతుంది. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పడవ ఒకే తీరుగా, నిదానంగా పోతే చాలు, ఏట్లో ఎంత నీరు పోతున్నదో తేలిపోతుంది.

ఒకే తీరుగా పోవడమే ఆ రోజు కుదరలేదు. పడవ నడిపేది ఆ ఊరి మనిషే. అరవైకి దగ్గర, ఒకప్పుడు గుండ్రటి పుట్టి వేసి జనాన్ని ఏరు దాటించినవాడు. అవతలి ఒడ్డు దగ్గరపడేసరికి ప్రతిసారీ మోటారు తగ్గించేస్తున్నాడు. అసలే నాది ముక్కు మీద కోపం. అరిచేశాను.

"ఏమప్పా, ఈడికొస్తానే నిద్రొస్తాదా నీకు? కొలతంతా పాడైపోతాంది!"

ఆయన కోపగించుకోలేదు. చేత్తో నీళ్లు చూపించాడు. "ఇది మా సమాధుల తోటమ్మా."

చుట్టూ ఎర్రటి నీళ్లే. ఒడ్డు అంచున విరిగిన ప్రహరీ గోడ, దాని వెనక మెరక మీద రెండు సిమెంటు సిలువలు మాత్రం కనిపించాయి. పోయిన వానాకాలం ఏరు ఒడ్డును కోసుకుంటూ వచ్చి కింది వరసను కలిపేసుకుందట. అందులో ఆయన భార్య ఉంది. పైన మెరకలో ఆమె పేరుతో రాయి నిలబెడదామని పాస్టరయ్య అంటే ఈయన ఒప్పుకోలేదు.

"ఖాళీ గుంతకు పేరెందుకమ్మా? ఆమె ఈడనే ఉండాది. పైన నీళ్లొచ్చినాయి, అంతే. నీ మిషనుకు నేల కనపడతాది గదా. ఆమె సమాధి బండ ఉండాదేమో చూసి చెప్పు."

"అది బొమ్మలు చూపీదన్నా, లోతు చెప్తాది," అన్నాను. నా కోపం అప్పటికే దిగిపోయింది.

ఎలాగూ ఇంకో పరీక్ష మిగిలి ఉంది. పడవను ఒకచోట కదలకుండా కాసేపు ఆపాలి. ఇక్కడే ఆపమని బతిమాలాడు. సరేనన్నాను. నేను లంగరు తీయబోతే చెయ్యి పట్టుకున్నాడు. "లంగరు వద్దమ్మా, కింద మావాళ్లుండారు." ఎగువన ఒడ్డు మీది తుమ్మ మొద్దుకు తాడు వేసి పడవను బిగించాడు.

మోటారు ఆగింది. పడవ కింద ఎక్కడో ఇసుక గీరుకుంటున్న సన్నని సవ్వడి, చేటలో బియ్యం చెరిగినట్టు. సిలువలు మాకెదురుగా ఉన్నచోటే ఉన్నాయి. నా కంప్యూటరు తెర మీద మాత్రం మా పడవ దారి చూపే గీత మెల్లగా ఎగువకు పోతోంది, అంత వరదకు ఎదురుగా.

ఇలా జరుగుతుందని చదువుకున్నాను, ఇంతకు ముందు చూశాను కూడా. అయినా ఒళ్లు జలదరించింది.

"ఈ గీత మనమేనా?" అని అడిగాడు. అవునన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"చూసినావా! ఆమేనమ్మా. ఊరి పక్కకు లాగుతాంది మనల్ని."

ఊరు ఎగువనే ఉంది. పట్టపగలు, నడినెత్తిన సూర్యుడుండగా, నేను నిజంగానే వంగి నీళ్లలోకి చూశాను. ఏమీ కనబడలేదు. తాడు పట్టి చూస్తే బిగిసే ఉంది.

"నీళ్లు దిగినాక ఈడనే తవ్వుతా," అన్నాడాయన.

ఊ కొట్టి ఉండొచ్చు. కానీ ఆ వయసులో ఒక్కడే పార పట్టుకుని ఏటి ఇసుకంతా తవ్వుతుంటే ఎవరు చూడాలి? నీళ్లు నమలడం నాకు చేతకాదు.

"మనం యాడికీ పోలేదన్నా. మిషను నేల కదలదనుకుంటాది. నేల దిగువకు పోతాంటే, మనం ఎగువకు పోతాండామని చూపిస్తాది."

"నేల పోతాందా?"

"అడుగునుండే ఇసుక. అంతా నడుస్తాంది."

కాళ్ల కింద భూమి కదిలిందని మాటవరసకు అంటుంటాం. దాన్ని ఒక మనిషికి ఉన్నదున్నట్టు చెప్పాల్సి వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు. చెప్పినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. ఆయన వంగి పడవ అడుక్కు చెవి ఆనించి ఆ సవ్వడి విన్నాడు.

"యాడికి పోతాది?"

"దిగువకు. నెల్లూరు దాటి సముద్రానికి."

తాడు విప్పడానికి లేచాడు. ముడి తొందరగా రాలేదు.

"పుట్టేసేవాని పెండ్లామే గానీ, ఆమెకు ఈత రాదమ్మా," అన్నాడు.

మోటారు వేసి పడవను దిగువకు తిప్పాడు. కొలతకు ఆ దారితో పని లేదు. నేను కంప్యూటరు మూసేశాను.