పాపకి తలా ఒక బుట్ట

మా ఊళ్ళో దగ్గును ఎవరూ జబ్బుగా చూడరు. మిరప కోతలు మొదలైన దగ్గర నుంచి ఎండిన కాయలు గుంటూరు యార్డుకు వెళ్ళేదాకా ఇంటింటా దగ్గే. దగ్గుతూనే వండుకుంటాం, దగ్గుతూనే పెళ్ళి సంబంధాలు మాట్లాడుకుంటాం. అందుకే ఆస్పత్రిలో పెద్ద డాక్టరు మా అమ్మాయితో, "మీ పాప దగ్గలేదమ్మా, అది గుర్తుపెట్టుకోండి" అన్నప్పుడు పక్కనున్న నాకు అదేదో మంచి మాటలాగే వినపడింది. ఆయన మొహం చూశాక గానీ అది భయపడాల్సిన మాటని తెలియలేదు.

పాప నా కూతురి కూతురు. చీరాల నేతవాళ్ళ ఇంట్లో పుట్టింది, అల్లుడు చీరలు అమ్ముతాడు. ఏడాది దాటినా దానికి మెడ నిలబడలేదు. ఎత్తుకుంటే తడి తువ్వాలు భుజాన వేసుకున్నట్టు జారిపోయేది. కళ్ళు మాత్రం నేను ఏ మూలకి వెళితే ఆ మూలకి తిరిగేవి. తల్లి రక్తంలో ఉన్న లోపం, తండ్రి రక్తంలో ఉన్న లోపం ఒకటేనట, రెండూ ఈ పిల్లలో కలిశాయట. ఒంట్లో కండలన్నీ బలం పోగొట్టుకుంటూ వస్తాయి. కాళ్ళూ చేతుల తర్వాత ఊపిరి పీల్చే కండలు. గొంతులో కఫం చేరితే దగ్గి బయటికి తోసుకోలేదు, చిన్న మిషనుకి గొట్టం పెట్టి మనమే లాగాలి. దీనికి ఒక సూది మందు ఉంది. రెండేళ్ళు నిండకముందే వెయ్యాలి. ధర కోట్లలో. ఆ సంగతి చెప్పి అల్లుడు నవ్వాడు. అలాంటప్పుడు నవ్వే మనిషిని చూస్తే నాకు భయమేసింది.

ఫోనులో పాప వీడియో పెట్టారు. మొదట్లో ఎక్కడెక్కడివాళ్ళో డబ్బు వేశారు. తర్వాత తర్వాత సన్నబడింది. మా అమ్మాయి పొద్దున లేవగానే పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది, అది అయ్యాక ఫోను చూసుకునేది. రెండు భయాల మధ్య తను అన్నం తినడం మర్చిపోయింది.

నాకు తెలిసిన డబ్బంతా అప్పుడు కళ్ళాల మీద ఎండుతోంది. మా తమ్ముణ్ణి అడిగాను.

"నోట్లెవరి దగ్గరున్నయ్యి అక్కా? కాయలున్నయ్యి," అన్నాడు. "కళ్ళానికి ఒక బుట్ట అడుగుదాం. అందరివీ కలిపి నేనే యార్డుకి తోలి అమ్ముకొస్తా. ఒక్క పూట పాపను తీసుకురా. కళ్ళతో చూస్తే బుట్ట ఇచ్చేవాడు బస్తా ఇస్తాడు."

మా ఇల్లు ఊరి చివర, కళ్ళాలకు దూరం. తలుపులు వేసి, కిటికీలకు తడిగుడ్డలు కట్టి, ఒక్క పూట ఉంచుకుంటే ఏమీ కాదనుకున్నాం. కాయలు తమ్ముడి కళ్ళంలో పోయాలి, చూసేవాళ్ళు ఒకరొకరుగా స్నానం చేసి రావాలి. మైకులో కూడా అలాగే చెప్పించి, పాపను తీసుకొచ్చాం.

మధ్యాహ్నం అన్నాలవేళ దాటాక ట్రాక్టరు చప్పుడు వినపడింది. తమ్ముడి కళ్ళం వైపు వెళుతుందనుకుంటే మా వాకిట్లోకే వచ్చి ఆగింది. వెనకాల ఊరంతా ఉంది. ట్రక్కు నిండా కాయలు. నేను నోరు తెరిచేలోపే పట్టా పరిచి కుమ్మరించారు. ఎర్రగా దుమ్ము లేచింది.

అందరూ సరదాగా ఉన్నారు. ఒకావిడ ఎదురింటి రైతును పట్టుకుంది.

"ఏందిరా, బుట్ట నిండా తాలు కాయలే పోశావు? నీ పీనాసితనం పాపక్కూడా చూపించాలా?"

"అడుగున మంచియ్యేలే వదినా, కుమ్మరించి చూడు."

"నీ అడుగు ఎవరు చూశార్లే."

నవ్వులు. ఆ నవ్వుల మధ్యనే మాకు మావయ్య వరసయ్యే పెద్దాయన ముందుకొచ్చాడు. అందరికంటే ఎక్కువ ఇచ్చింది ఆయనే.

"అమ్మాయ్, పాపను తీసుకురా. రాశి మీద చెయ్యి పెట్టిద్దాం. పిల్ల చెయ్యి తగిలితే మంచి రేటు పలుకుద్ది."

మా దగ్గర మొదటి కోతకి ఇంట్లో చంటిబిడ్డ చేత రాశి ముట్టించడం ఉంది. ఆయన ప్రేమతోనే అన్నాడు. లోపల మా అమ్మాయి గడియ వేసిన చప్పుడు అందరికీ వినపడింది.

"మా కాయలు కావాలి గానీ మా మొహాలు పనికిరావా?" అన్నాడు పెద్దాయన.

ఇచ్చినవాళ్ళను పొమ్మంటే మళ్ళీ ఇస్తారా? పొమ్మనకపోతే పాప ఏమవుతుంది? వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడి ఆ రెండూ తూచుకుంటున్నాను, ఇంతలో లోపలి నుంచి మిషను మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది. "అమ్మా," అంది మా అమ్మాయి. గట్టిగా కూడా అనలేదు.

తను గడియ తీసిన తలుపు సందులోంచి చూశాను. పాప పెదవులు నేరేడుపండు రంగుకి తిరిగాయి. పొట్ట లోపలికి పీక్కుపోతోంది. నోరు తెరిచి ఉంది, ఏడుపు రావడం లేదు. కళ్ళు మాత్రం నన్ను చూస్తున్నాయి. లోపలికి అడుగు వెయ్యబోతే మా అమ్మాయి గొట్టం పట్టుకున్న చేత్తో నన్ను ఆపింది.

"నువ్వు రావద్దు. నీ చీరంతా ఘాటే."

వాకిట్లోకి తిరిగి, "పాపకి ఊపిరి అందట్లా. ఈ దుమ్ము తగలకూడదు. మీకు దణ్ణం పెడతా, తీసెయ్యండి," అన్నాను. ఇంకెవరూ నవ్వలేదు. రాశి ఎత్తితే మళ్ళీ దుమ్ము లేస్తుందని పెద్దాయనే అందరినీ ఆపాడు. తడిపిన పట్టాలు తెచ్చి కప్పించాడు. కాయలు తడిస్తే బూజు పడతాయి, ధర పోతుంది. ఆ సంగతి ఆయనకు తెలుసు, అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. తమ్ముడు పెరటి దారిన కారు తెచ్చాడు. పాపను తెల్ల దుప్పట్లో చుట్టి మిషనుతో సహా ఎక్కించారు. నన్ను ఎక్కించుకోలేదు.

కారు వెళ్ళాక పెద్దాయన అరుగు మీద కూర్చుని, "మనం పుట్టినకాణ్ణించి పీలుస్తున్న గాలేగదమ్మాయ్," అన్నాడు. 

ఒంగోలు ఆస్పత్రి నుంచి తమ్ముడు ఫోను చేసేదాకా నేను వాకిట్లోంచి కదల్లేదు. "గండం గడిచింది. కానీ ఇక ముందు రోజూ రాత్రిళ్ళు ఊపిరి మిషను పెట్టాలంట," అన్నాడు. ముందు మాట విని కూర్చున్నాను, రెండో మాట విని మళ్ళీ లేచాను.

తడిసిన కాయలు ఏరి ఎండబెట్టి అమ్మాం. వచ్చింది ఎంతైనా సూదికి చాలదు. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాం. అద్దంకి సంతలో అడిగాం, కొత్తపట్నం పడవలవాళ్ళను అడిగాం. అల్లుడు చీరల మూటతో పాటు పాప ఫొటో కూడా తీసుకెళుతున్నాడు. పాపకి రెండేళ్ళు దగ్గర పడుతున్నాయి. ఇదివరకు మనవలకి పుట్టినరోజు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేదాన్ని. దీని పుట్టినరోజు రాకుండా ఉంటే బాగుండునని దణ్ణం పెట్టుకుంటున్నాను.

నా చీరలు రెండు చీరాలలోనే ఉంచుకున్నాను. వెళ్ళగానే తలస్నానం చేసి, అక్కడి చీర కట్టుకుని, అప్పుడు దాని దగ్గరికి వెళతాను. నన్ను చూసి పెదవి కొంచెం కదుపుతుంది. అది నవ్వని మాకు తెలుసు. నేను నవ్వుతూనే దాని పొట్ట మీద చెయ్యి వేస్తాను. లేస్తుంది. దిగుతుంది. మళ్ళీ లేచేదాకా నా చెయ్యి తియ్యను.