గుర్రం కింద రాత

హుస్సేనీ ఆలంలో తంబురలు బాగుచేసే ముష్తాక్ భాయ్, తన ఉస్తాద్ పేరు వచ్చిందంటే చాలు, తప్పుంటే మన్నించమన్నట్టు రెండు చెవులూ తాకి గానీ మాట్లాడడు. తీగ ఒక్కసారి మీటి, కళ్లు మూసుకుని, దోషం ఎక్కడుందో చెప్పేస్తాడు. ఉర్దూ గడగడా చదువుతాడు. తెలుగు మాట్లాడతాడే గానీ అక్షరం ముక్క రాదు. ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వడు.

ఒకరోజు హరిచందన, ఆమె అన్న వివేక్ కలిసి, చనిపోయిన తమ తల్లి తంబుర తెచ్చారు. అది ఎవరికి చెందాలో తీగలు ఆనే గుర్రం కింద అమ్మే రాసిందని చెల్లెలు, అంతా కట్టుకథని అన్న వాదించుకుంటున్నారు. ముష్తాక్ గుర్రం ఊడదీశాడు. కింద కొయ్య నున్నగా మెరిసింది.

"చూసినవా? ఏం లేదు," అన్నాడు వివేక్.

హరిచందన ముష్తాక్ వైపు తిరిగింది. "పోయినేడు గుర్రం ఊడితే, అమ్మ గా జాగలనే రాసి, అతికియ్యమని మీకిచ్చింది గద భాయ్. మీరు చూడలేదా?"

చూశాడు. రెండు వరుసల తెలుగు. ఏముందని ఎవరినైనా అడిగితే తనకు తెలుగు చదవడం రాదని బయటపడుతుందని, అడగకుండానే, జిగురు పట్టాలని ఉప్పుకాగితంతో రుద్దేసి అతికించాడు.

"యాద్ లేదు బేటీ," అన్నాడు.

ఉస్తాద్ పేరు ఎవరూ ఎత్తలేదు. అయినా అతని చేతులు రెండూ చెవుల మీదికి పోయాయి.