ఏటి అవతల పుట్టిన పాస్‌పోర్టు

మా దాచేపల్లి కాలేషాకు ఒక జబ్బుంది. డబ్బు కట్టింది ఏదీ వదలడు. ఒకసారి హోటల్లో సాంబారు పులిసిందని నేను విస్తరి ముందు నుంచి లేస్తే, నాదీ తనే తిని మంచం పట్టాడు.

సిమెంటు ఫ్యాక్టరీలో క్రేను నడిపేవాడు. రాష్ట్రం రెండైన ఏడాది వాడికి ఖతర్‌లో అదే పనికి వీసా వచ్చింది. ఇక్కడి జీతానికి నాలుగింతలు. ప్రయాణానికి ఇంకా నెల ఉంది. హాయిగా ఉండొచ్చుగా? ఉంటేగా!

మా వైపు తొలి కాన్పు పుట్టింట్లోనే. వాళ్లమ్మ మస్తాన్‌బీ పుట్టిల్లు కృష్ణ అవతల, మిర్యాలగూడ. పాస్‌పోర్టులో వాడు పుట్టిన ఊరు మిర్యాలగూడ, ఆంధ్రప్రదేశ్ అని ఉంది. ఇప్పుడేమో అది తెలంగాణ. "ఎయిర్‌పోర్టులో ఆపేస్తారంట" అని నెట్ సెంటర్లో ఎవడో అన్నాడు. అంతే, మనిషికి నిద్ర లేదు. వీధిలో ఆ చివరికీ ఈ చివరికీ తిరగడం, ఇంటికొచ్చి తల్లి మీద అరవడం.

"నన్ను కనడానికి అంత దూరం పోవాలా? ఇక్కడ ఆసుపత్రి లేదా ఏంది?"

ఆమె బియ్యం ఏరుకుంటూ అంతా వినేది.

ఎవరినీ అడక్కుండా కొత్త పాస్‌పోర్టుకు ఫీజు కట్టేసి, విజయవాడ ఆఫీసుకు నన్ను తోడు తీసుకెళ్లాడు. కౌంటర్లో ఆఫీసరు నవ్వాడు.

"రాష్ట్రం మారితే పాస్‌పోర్టు మార్చక్కర్లేదండీ. పాతదే చెల్లుతుంది."

"మరి నేను కట్టిన ఫీజు?"

"అది తిరిగి రాదు. కొత్తది తీసుకుంటే మాత్రం పాత నంబరు రద్దవుతుంది. వీసా ఏదైనా ఉంటే ఆలోచించుకోండి."

వాడి మొహం చూశాను. కొంప మునిగిందనుకున్నాను. చొక్కా పట్టి లాగాను.

"ఒరేయ్, ఇంటికి పోదాం పదరా!"

"ఉండు మామా. కట్టింది ఊరికే పోవాలా? కొత్తది ఇయ్యండి సార్, ఇయ్యాల్సిందే!"

పాతదాని మీద రద్దు ముద్ర కొట్టి చేతిలో పెట్టారు. వాడు పందెం గెలిచినవాడిలా బస్సెక్కాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

కొత్తది వచ్చిన వారానికే ఏజెంటు ఫోన్ చేశాడు. వీసా పాత నంబరు మీద ఉందట. మార్చేదాకా కంపెనీ ఆగదట, ఆ ఉద్యోగం ఇంకొకడికి ఇచ్చేసిందట. కాలేషా అరుగు మీద కూలబడ్డాడు. వాణ్ణి కడిగేద్దామనే వెళ్లాను.

"చెప్తే విన్నావంట్రా?" అనేలోపు మస్తాన్‌బీ బయటికొచ్చింది.

"వాణ్ణేమీ అనబాక అన్నా. తప్పు నాది. మా అమ్మ రమ్మంటే పోయా. ఏరు దాటి కంటే బిడ్డకు ఇట్టా అయిద్దని నాకేం తెలుసు?"

నెల రోజులుగా వాడు అరిచిందంతా ఆ తల్లి నిజమని నమ్మేసింది. కాలేషా లేచి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"కాదమ్మా, నువ్వు కాదు. నేనే, నేనే" అంటూనే ఉన్నాడు. ఆమె మాత్రం తల అడ్డంగా ఊపుతూ, కొంగుతో వాడి కళ్లు తుడుస్తూ, తననే తిట్టుకుంటోంది.