చిన అప్పలసామి కార్డు

1973 జూన్‌లో నన్ను ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కంప్యూటర్ సెక్షన్లో సీనియర్ ప్రోగ్రామరుగా వేశారు. మొదట అప్పగించిన పని, క్వార్టర్లకు దరఖాస్తు పెట్టుకున్న కార్మికుల సీనియారిటీ లిస్టు తీసే ప్రోగ్రామును పాత మెషీన్ భాషలోంచి కోబాల్ అనే కొత్త కంప్యూటర్ భాషలోకి మార్చడం. గడువు మూడు నెలలు. నా కింద ఇద్దరు ప్రోగ్రామర్లు. ఒక్కో కార్మికుడి వివరాలను ఒక్కో అట్టకార్డు మీద చిల్లులుగా పంచ్ చేసే విభాగానికి ఇన్‌చార్జి మీరాదీ అనే బెంగాలీ ఆవిడ.

పాత భాషలో కార్డు మీది ఒక్కో గడినీ ఎక్కణ్ణుంచి ఎక్కడికి జరపాలో మనమే చెప్పాలి. కోబాల్‌లో మామూలు ఇంగ్లీషు వాక్యంలా రాస్తే చాలు. సెక్షనంతటికీ ఒకటే మాన్యువల్. రోజూ ఒక గంట తీసుకుని, దాన్ని రెండు నోటుబుక్కుల్లోకి ఎత్తి రాసుకున్నాను. బళ్ళో కూడా ఏదీ అంత ఇష్టంగా చదవలేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, నా సంగతీ అంతే.

కార్మికుడు ఒక షాపు నుంచి ఇంకో షాపుకి మారితే టికెట్ నంబరు, అంటే అతని గుర్తింపు నంబరు, మారుతుంది. పాత కార్డు ఒక్కోసారి కట్టలోనే ఉండిపోయి, ఒకే మనిషికి రెండు కార్డులవుతాయి. అలాంటివాటిని గుమాస్తా చేత్తో ఏరేవాడు. కోబాల్‌లో రెండు వాక్యాల పనే కదా అని, ఎవరూ అడక్కుండానే చేర్చాను: పేరూ తండ్రి పేరూ ఒకటే అయితే ఒక్క కార్డే ఉంచాలి.

మీరాదీ నా కాగితం చూసి, "దాదా, ఇది ఆఫీసరు అడిగారా?" అంది.

"చూస్తూండండి దీదీ" అన్నాను.

సెప్టెంబరులో లిస్టు నోటీసు బోర్డెక్కింది. అభ్యంతరాలకు నాలుగు రోజులు. మర్నాడే ఒక ఫిట్టరు అన్నని వెంటబెట్టుకుని మా కిటికీ దగ్గరికొచ్చాడు. సుభాష్‌పల్లిలో ఒక్క అద్దెగదిలో ఏడుగురు ఉంటున్నారట. ఈ విడతలో నిమ్‌పురా క్వార్టరు తనకే రావాలి.

"బాబూ, మా అన్న పేరుంది, నా పేరు నేదు. నానేటైపోనాను?" అన్నాడు.

అన్న పెద అప్పలసామి, తమ్ముడు చిన అప్పలసామి. మొక్కుకున్న దేవుడి పేరే ఇద్దరు కొడుకులకీ పెట్టి పెద, చిన అని పిలుచుకోవడం మా వైపు మామూలే. ఉద్యోగంలో చేరినప్పుడు గుమాస్తా ఆ పెద, చిన వదిలేశాడు. తండ్రి ఎలాగూ ఒకడే. నా ప్రోగ్రాము తమ్ముణ్ణి పనికిరాని కార్డు కింద తీసి పారేసింది.

ఈ సంగతి తెలియనివాడు చేస్తే వేరు. నా పేరు సూర్యనారాయణ. నిమ్‌పురా షెడ్డులో పనిచేసే మా అన్నయ్య పేరూ సూర్యనారాయణే. ఇంట్లో నేను చిన సూరిని. సిగ్గుతో అతని మొహం చూడలేకపోయాను.

ఆ రెండు వాక్యాలూ కొట్టేయడానికి నిమిషం చాలు. కానీ మార్చిన ప్రోగ్రామును మళ్ళీ మెషీన్ మీద పరీక్షించందే లిస్టు మీద సంతకం కుదరదు. అన్ని గంటల మెషీన్ టైము వారం దాకా లేదు, అభ్యంతరాల గడువు ఈలోపే అయిపోతుంది. ఆఫీసరు రెండు దారులు చెప్పారు. చిన అప్పలసామిని వచ్చే విడతకి ఆపడం, లేదా కోబాల్‌ని వెనక్కి తీసుకుని పాత ప్రోగ్రామే నడపడం. వచ్చే విడత ఎప్పుడో ఎవరికీ తెలియదు. వెనక్కి తీసుకుంటున్నట్టు నా చేత్తోనే రాసిచ్చాను.

పాత ప్రోగ్రాములో ఇంకా కొందరు తమ్ముళ్ళు తిరిగొచ్చారు. చిన అప్పలసామికి క్వార్టరు వచ్చింది. మీరాదీ నన్ను దెప్పలేదు. నా ప్రోగ్రాము కార్డుల కట్టకి రబ్బరు బ్యాండు వేసి బీరువాలో పెట్టి, "ఠీక్ హై దాదా, మళ్ళీ తీద్దాం" అంది.

మళ్ళీ తీయలేదు. కోబాల్ మా సెక్షనుకి తిరిగొచ్చేసరికి నాకు ప్రమోషనిచ్చి, ప్రోగ్రాములు రాయడం మాన్పించి, సెక్షను ఫైళ్ళు చూసే పనికి పంపేశారు. రాసినవాళ్ళు వేరే. ఆ గదిముందు నుంచి వెళ్తూ కార్డుల చప్పుడు వింటే, లోపలికెళ్ళి కూర్చోవాలని ప్రాణం కొట్టుకునేది. ఇప్పటికీ కొట్టుకుంటుంది. నోటుబుక్కులు రెండూ నా దగ్గరే ఉన్నాయి. ఆ భాషలో నేను రాసిన ప్రోగ్రాము అదొక్కటే.

ఆ తర్వాత నా కింద పనిచేసిన అందరికీ ఒక నియమం పెట్టాను. ప్రోగ్రాము ఎవరినైనా లిస్టులోంచి తీసేస్తే, వాళ్ళ పేర్లు వేరే కాగితం మీద అచ్చు కావాలి. లిస్టు బోర్డెక్కేముందు ఆ కాగితాన్ని ఒక మనిషి చదివి సంతకం పెట్టాలి. రిటైరయ్యేదాకా ఆ సంతకం పని నేనింకెవరికీ ఇవ్వలేదు.