దొనగట్టు మీద పొగ లేదు

వేసవిలో దొనగట్టుకు వచ్చేవాళ్లు రెండు రకాలు. జగ్గయ్యపేట వాళ్లు పుణ్యం కోసం వస్తారు, నందిగామ ప్లీడర్లు గాలిమార్పు కోసం వస్తారు. కొండ నడుమ రాతిలో ఒక దొన, అందులో రోహిణీకార్తెలోనూ ఇంకని నీళ్లు, ఒడ్డున పసుపు పూసిన రాయే స్వామి. ఇంతే అక్కడి వైభవం. ఈ రెండు రకాల వాళ్లకూ ఒక గుణం మాత్రం ఉమ్మడి. కొండ మొదట్లో పాతిన బోర్డు ఎవరూ చదవరు.

ఆ బోర్డు రత్తయ్య ప్రాణం. తారు పూసిన చెక్క మీద రోజూ పొద్దున్నే సుద్దతో రాసేవాడు: “నేడు కొండమీద నిప్పు లేదు. పొగ లేదు. యాత్రికులు పోవచ్చు.” చదువు మూడో తరగతితో ఆగినా ఈ మూడు ముక్కల్లో అతనికి అక్షరం తప్పేది కాదు.

రత్తయ్య రెండెకరాల మెట్టరైతు. పుష్యంలో అడవిశాఖవాళ్లు అతన్ని నిప్పు కాపలాకు పెట్టుకునేవాళ్లు, తొలకరి పడగానే తీసేసేవాళ్లు. వాన పడితే ఊరంతా సంబరపడేది, రత్తయ్యకు ఉద్యోగం ఊడేది. మూడు వేసవులు ఇలాగే గడిచాయి. పందొమ్మిదివందల నలభై ఎనిమిది వేసవి కూడా నిప్పు పడకుండా దాటితే పర్మినెంటు చేయిస్తానని రేంజరు కుటుంబరావు మాట ఇచ్చాడు. పడిందా, మళ్లీ ఆ మెట్టా, ఆ జొన్నా.

దొనగట్టు మీద నిప్పు తనంత తాను పడదు. భక్తి వేస్తుంది. కోరిక తీరితే స్వామికి మంట ఇవ్వడం ఆ చుట్టుపక్కల ఆచారం. పిల్లాడు పుట్టినా, బర్రె ఈనినా, వ్యాజ్యం గెలిచినా ఎండుగడ్డికి అగ్గిపుల్ల గీసి, దండం పెట్టుకుని, వెనక్కి చూడకుండా దిగిపోతారు. సర్కారు దాన్ని నేరమంటుంది, జనం మొక్కంటారు. కాలడం మాత్రం కొండ వంతు.

రత్తయ్య తన వంతు తాను చేసేవాడు. పుష్యమాసంలోనే కొండ నడుం చుట్టూ ఇరవై అడుగుల వెడల్పున గడ్డి తానే కాల్చి బోడిబాట చేసేవాడు. దాన్ని ఫైరులైను అంటారు. వేసవిలో మంట వచ్చినా అక్కడ తిండి దొరక్క ఆగిపోతుంది. ఆపైన, కొండెక్కే ప్రతివాడి దగ్గరా అగ్గిపెట్టె అడిగి తీసుకుని బోర్డు కింద కుండలో వేసేవాడు. ప్లీడర్ల జేబులు కూడా వదలలేదు. నాలుగేళ్లలో అతను సోదా చెయ్యనిది ఒక్క మనిషినే. పెళ్లాం ఆదెమ్మని.

వైశాఖంలో రేంజరు దగ్గర్నుంచి కార్డు వచ్చింది. “దశమినాడు సకుటుంబంగా కొండ చూడ వస్తున్నాము. నీ ఉత్తర్వు చేతికిస్తాను.” రత్తయ్య దాన్ని ఇంట్లో రెండుసార్లు పైకి చదివాడు. ఆదెమ్మకు ఒక్కసారి చాలింది.

దశమి పొద్దున బోర్డు రాసి సుద్ద దులుపుకుంటున్నాడో లేదో, జగ్గయ్యపేట కిరాణా వర్తకుడు దశరథరామయ్య బండి వచ్చి ఆగింది.

“ఏవయ్యా రత్తయ్యా, బోర్డును నమ్మమంటావా, కొండను నమ్మమంటావా?”

బోర్డు పాతాక దాన్ని చదివిన మొదటి యాత్రికుడు అతనే. రత్తయ్య వెనక్కి తిరిగి చూశాడు. దొనకు ఎగువన నీలంగా పొగ. నీలం పొగ అంటే ఎండుగడ్డి, అప్పుడే అంటుకున్నది.

“నైజాం వైపుదా, మన వైపుదా?” దశరథరామయ్య గొంతు తగ్గించాడు. సరిహద్దు అవతల ఊళ్లు తగలబడుతున్న రోజులవి.

“మనదేనండి,” అన్నాడు రత్తయ్య. అంతకంటే ఎంత మనదో మరునిమిషంలో తెలిసింది. తడిజుట్టుతో, చేతిలో హారతిపళ్లెంతో ఆదెమ్మ దిగివస్తోంది.

“ఏం చేశావే?”

“నీకు నౌకరీ ఖాయమైతే మంట ఇస్తానని మొక్కుకున్నా. ఖాయమైందిగా! రేంజరుగారొచ్చేలోపల తీర్చేద్దామని పొద్దున్నే పోయా.”

“నిప్పు పడకపోతేనే గదే నౌకరీ!”

“నిప్పు పడకుండా నాలుగేళ్లు కాసింది ఎవరనుకున్నావ్? స్వామి. ఆయన బాకీ ఎగ్గొట్టమంటావా?”

దశరథరామయ్య, “ఆవిడన్నదీ నిజమే,” అన్నాడు.

రత్తయ్య బోర్డు వైపు చూశాడు. నందిగామ రోడ్డు మలుపులో రేంజరు బండి ఎడ్లగంటలు వినిపిస్తున్నాయి. పొగ ఇంకా సన్నగానే ఉంది. పొద్దుటి మసక అని దబాయించవచ్చు. కానీ ఆ బండిలోనివాళ్లు ఈ రాత నమ్మి కొండెక్కితే? గోచీ కొసతో బోర్డు తుడిచి, కొత్త వాక్యాలు కనుక రెండు తప్పులతో రాశాడు: “కొండమీద నిప్పు ఉంధి. పొగ ఉంది. ఎవరూ పోరాధు.”

పచ్చికొమ్మ విరుచుకుని పైకి పరిగెత్తాడు. అప్పటికి పోగైన యాత్రికుల్ని సాయం రమ్మంటే ఎవరూ కదల్లేదు. మొక్కు మంట ఆర్పితే పాపమట. పెట్టడానికి ఎవరికీ రాని అనుమానం ఆర్పడానికి అందరికీ వచ్చింది. రత్తయ్య ఒక్కడే కొడుతూ పక్కలు కాచాడు. మంట ఫైరులైను దాకా పాకి, అక్కడ బోడినేల చూసి చచ్చిపోయింది. కనుబొమలు కాలి, ముఖం మసై దిగేసరికి కుటుంబరావు బోర్డు ముందు నిలబడి ఉన్నాడు.

“ఏవిటోయ్ ఇది? నేను ఉత్తర్వు తెచ్చిన రోజునే ఈ రాతలా? తుడిచెయ్!”

“బోర్డు తుడుస్తానండి, బాబుగారూ. కొండను ఎట్టా తుడవను?”

రేంజరు దగ్గాడు. కోపమో పొగో తెలియలేదు. ఆయన భార్య శ్యామలాదేవి మాత్రం ఆదెమ్మను పక్కకు పిలిచింది.

“మొక్కుకున్న ఎన్నాళ్లకు ఫలించింది?”

“నాలుగో ఏటికండి, అమ్మగారూ. కొందరికి నెల్లోనే.”

శ్యామలాదేవి కళ్లు మూసుకుని కొండకు నమస్కారం పెట్టింది. మైలవరం వైపు అడవుల్లో చలిజ్వరాలతో ఆరేళ్లు పడ్డ మనిషి. బెజవాడ బదిలీ అయితే స్వామికి మంట ఇస్తానంది. రేంజరు విననట్టు చెట్లు లెక్కపెట్టాడు. తర్వాత బండిలో కూర్చుని రిపోర్టులో “నిప్పు లేదు” అని రాసి, ఉత్తర్వు రత్తయ్య చేతిలో పెట్టాడు. నిప్పు లేని కొండ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

నెల తిరక్కుండా బదిలీ వచ్చింది. వెళుతూ వెళుతూ శ్యామలాదేవి ఒక అగ్గిపెట్టె పంపింది, చీటీతో సహా: “మా పేరున నువ్వే మంట ఇవ్వు రత్తయ్యా, నీకు అక్కడ పనేగా.”

రత్తయ్య ఆ అగ్గిపెట్టెను కుండలో వెయ్యలేదు, విసిరెయ్యలేదు. పుష్యమాసం దాకా దాచాడు. ఫైరులైను గడ్డికి దాంతోనే నిప్పు పెట్టి, “రేంజరమ్మగారి మొక్కు,” అని గట్టిగా అన్నాడు. ఆదెమ్మ హారతిచ్చింది. సంగతి పాకింది. మర్నాడు నలుగురు వచ్చారు, వారం తిరిగేసరికి నలభైమంది. “వేసవిలో ఇస్తేనేమో నేరం, ఇప్పుడిస్తే డ్యూటీ. స్వామికి రెండూ ఒకటే,” అని రత్తయ్య వరసలో నిలబెట్టి, తన ఫైరులైను వెంట తలా నాలుగడుగులు పంచాడు.

కొత్త రేంజరు నుంచి మెమో వచ్చింది. ఫైరులైను ఇరవై అడుగులుండాల్సింది నలభై అడుగులు ఎందుకుంది, దాని మీద కొబ్బరిచిప్పలు ఎక్కడివి, వారంలోగా సంజాయిషీ ఇవ్వాలి.

రత్తయ్య సుద్ద చేతుల్తో పెన్సిలు పట్టుకుని చాలాసేపు ఆలోచించి రాశాడు: “అయ్యా, ఈ ఏడాది కోరికలు తీరినవాళ్లు ఎక్కువయ్యారు. కొండమీద నిప్పు లేదు. పొగ లేదు.”