త్యూనె చేయందించిన పాట

మంచుదేశపు మా ఇలోమంత్సి ఊళ్ళో పాల లారీ నడిపిన మొదటి ఆడమనిషి త్యూనె. మోకాలిలోతు మంచు పడినా ఆమె లారీ ఆగింది లేదు, స్టీరింగు దగ్గర ఆమె పాటా ఆగింది లేదు. అవి వాళ్ళ అమ్మమ్మ నేర్పిన వీరగాథలు. నిజానికి ఒక్కరు పాడేవి కావు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, చేతులు పట్టుకుని, ముందుకూ వెనక్కూ ఊగుతూ పాడాలి. ఒకరు చరణం అందిస్తే రెండోవారు అందుకుని మళ్ళీ పాడాలి. త్యూనెకి ఆ రెండో గొంతు చిన్ననాటినుంచీ పక్కింటి అల్లిది.

పోయిన వేసవిలో ఆ ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి. చిత్తడినేలలో అరుదుగా కాసే హిల్లా అనే అడవిపళ్ళు దొరికే చోటు మాలో కన్నకూతురికైనా చెప్పరు. అలాంటిది త్యూనె చోటులోనే అల్లి బకెట్టు నింపుకుంటూ దొరికిపోయింది.

"దారి తప్పానే!" అంది అల్లి.

"బకెట్టు కూడా తప్పిందా?" అని త్యూనె గిర్రున వెనక్కి తిరిగింది.

సరిగ్గా ఆ తర్వాతే కబురొచ్చింది. ఆ వీరగాథల్లో తప్పిపోయిన కొడుకు కోసం తల్లి దారినీ చెట్టునూ అడిగే ఘట్టానికి ఒకాయన పెద్ద వాద్యబృందంతో సంగీతం కట్టి, నడుమ వీళ్ళిద్దరి పాట పెట్టాడట. అమ్మమ్మ పాట అన్ని వయొలిన్ల మధ్య! త్యూనె ఆ వారమంతా తల పైకెత్తుకునే నడిచింది.

చర్చిలో ఆఖరి సాధన రోజున బృందాన్ని నడిపే రౌతియో అడిగాడు. "అమ్మా, చేతులు పట్టుకుంటారు కదా?"

"పట్టుకోం," అన్నారిద్దరూ ఒకేసారి. ఆ ఏడాదిలో వాళ్ళు కలిసి అన్న మాట అదొక్కటే.

దూరదూరంగా రెండు మైకులు పెట్టారు. పాట కుంటింది. త్యూనె ముగించేసరికి అల్లి ఎక్కడ అందుకోవాలో తెలియక తడబడింది. మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ అంతే.

రౌతియో నుదురు రుద్దుకున్నాడు. "ఇంకోసారి చూద్దాం. కుదరకపోతే పాట తీసేసి వయొలిన్లతో కానిచ్చేస్తాను. ఏమనుకోకండి."

పళ్ళచోటు పెద్దదా, అమ్మమ్మ పాట పెద్దదా? త్యూనె కుర్చీని బరబరా ఈడ్చుకెళ్ళి అల్లి ఎదుట వేసి చేతులు చాచింది.

అల్లి పట్టుకుంది. "మెల్లగా పట్టుకోవే, అవి పాలడబ్బాలు కావు."

"పళ్ళు దొంగిలించిన చేతులు. వదిలితే మళ్ళీ దారి తప్పుతాయి."

అల్లి ఫక్కున నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే త్యూనె ఊగడం మొదలుపెట్టింది. చరణం అటునుంచి ఇటు, ఇటునుంచి అటు జారింది, పడవలా.

కచేరీనాడు చర్చి నిండి జనం మెట్ల మీదా నిలబడ్డారు. పాట వచ్చేసరికి రౌతియో చేతులు దించి ఆ ఇద్దరినే చూస్తూ నిలబడ్డాడు. వయొలిన్ల కమాన్లన్నీ వాళ్ళ ఊపు వెంటే వచ్చాయి. త్యూనె అమ్మమ్మ వంటింటి బల్లమీద కూర్చుని ఊగిన ఊపు అది. త్యూనె వెన్ను ఇంకాస్త నిటారైంది.

చప్పట్లు ఆగలేదు. అల్లి చేయి వదల్లేదు.

"వచ్చే వేసవికి పళ్ళకి నన్నూ తీసుకెళ్ళవే."

"రా. పెద్ద బకెట్టు మాత్రం నాది," అంది త్యూనె, జనానికి తల వంచుతూనే.